మన స్థాయీభావం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా బ్యాచ్ ఇవాళ కూడా వెనక బెంచీలోనే కూర్చుందండి. కొన్ని అలవాట్లు మనిషిని వదలవు. నేను చెప్పబోయేది కూడా అలాంటి ఒక అలవాటు సంగతే.

నిర్వాహకులు ఫోన్ చేసి, "మీరు సాధించినవి నాలుగు చెప్పండి, పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. ఆలోచించాను. నేను ముప్ఫై ఏళ్లుగా నీటి ఇంజనీరుని. నా చేతుల మీదుగా వెళ్లినవి తూములు, రెగ్యులేటర్లు, గట్లు. వాటి లెక్కలు మొదలుపెడితే పిల్లలకి స్ఫూర్తి కన్నా ముందు నిద్ర వస్తుంది. అందుకని వేరే పని పెట్టుకున్నాను. 1985లో మన తెలుగు మాస్టారు క్లాసులో ఒక ప్రశ్న వేశారు. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేశారు. ఆ జవాబు ఇవాళ ఇద్దామని వచ్చాను. నలభై ఏళ్లు ఆలస్యంగా తెచ్చిన హోంవర్కు అనుకోండి.

అప్పుడు మేం పదో తరగతి. వానాకాలం మధ్యాహ్నం. చెప్పాల్సిన పాఠం ఒకటైతే మాస్టారు రసాల్లోకి వెళ్లిపోయారు. బోర్డు మీద ఎనిమిది పేర్లు రాశారు. రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. "భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన స్థాయీభావాలు ఇవి. ఇవి కాక సంచారి భావాలు ముప్ఫై మూడు. శంక, చింత, గర్వం, దైన్యం, హర్షం ఇలాంటివి. సంచారులు వస్తాయి, పోతాయి. స్థాయి ఉండిపోతుంది" అన్నారు. మా మొహాలు చూస్తే ఆయనకి సంగతి అర్థమైంది. చాక్‌పీసు కింద పెట్టి, "ఒరేయ్, కాలవ చూశారు కదా. కొబ్బరిమట్ట కొట్టుకొస్తుంది. గుర్రపుడెక్క వస్తుంది. ఎవడో పారేసిన చెప్పు వస్తుంది. అన్నీ పోతాయి. అడుగున నీళ్లు మాత్రం ఎటు పోవాలో అటే పోతుంటాయి. అదీ స్థాయి అంటే" అన్నారు.

తర్వాత ముందు బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కణ్నీ లేపి, "నీ స్థాయీభావం ఏమిట్రా?" అని అడిగారు. ఒకడు ఉత్సాహమండి అన్నాడు. ఇంకొకడు, "క్రోధమండి, మా నాన్న అలాగే అంటాడు" అన్నాడు. మూడోవాడు ఇవాళ ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. వాడు లేచి "ఆకలండి" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వి, "ఆకలి భావం కాదురా. కానీ ఇంతమందిలో నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. గంట కొట్టారు. "రేపు చెప్పు. దాంతోబాటు ఇంకోటి ఆలోచించుకురా. మన కొప్పేశ్వరుడి గుళ్లో ఆ రాత్రి పూజారి స్థాయీభావం ఏమిటి?" అని ఆయన వెళ్లిపోయారు. మర్నాడు ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

మన ఊరి కోడళ్లు, అల్లుళ్లు కూడా సభలో ఉన్నారు కాబట్టి ఆ కథ రెండు ముక్కల్లో చెబుతాను. పలివెల ఉమా కొప్పులింగేశ్వరస్వామి గుడి పూజారి ఒక వేశ్య మీద మోహంతో, ఆమె జడలో తురుముకున్న పూలదండనే స్వామికి వేసేవాడట. ఒకరోజు ఆ దండ ప్రసాదంగా రాజుగారి చేతికి వెళ్లింది. దండలో తలవెంట్రుక కనిపించింది. ఇదేమిటని రాజు అడిగితే, ప్రాణభయంతో పూజారి, "స్వామికి కొప్పుందండి, ఆ వెంట్రుక ఆయనదే" అనేశాడు. "అయితే రేపు పొద్దున వచ్చి చూస్తాను. కొప్పు లేకపోతే నీ తల ఉండదు" అని రాజు వెళ్లాడు. ఆ రాత్రంతా పూజారి గర్భగుడిలో లింగాన్ని పట్టుకుని ఏడ్చాడట. తెల్లారేసరికి లింగానికి కొప్పు వచ్చింది. మనం చిన్నప్పటి నుంచి విన్న కథ ఇది.

ఇక నా జవాబు. దానికి 1986 దాకా వెళ్లాలి.

ఆ ఏడు వేసవిలో మేం ఈ బడి నుంచి బయటపడ్డాం. ఆగస్టులో గోదావరి వచ్చింది. అప్పటికి పుట్టినవాళ్లెవరూ మరిచిపోలేదు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి ఇస్తారు. 1986 ఆగస్టు 16న అక్కడ పోయినది 35 లక్షల పైచిలుకు. అంటే మూడో హెచ్చరికకి రెట్టింపు కన్నా ఎక్కువ. 1982కే 175 గేట్లతో కాటన్ బ్యారేజీ పూర్తయింది. కానీ అంత నీటికి గేట్లు చేయగలిగింది దారి ఇవ్వడమే. ఆ తర్వాత ఆ నీళ్లకీ కోనసీమకీ మధ్య ఉన్నది ఏటిగట్టు ఒక్కటే.

గట్టు కాపలాకి ఇంటికొక మగాడు వెళ్లాలన్నారు. నాన్న వెళ్తూ నన్ను లాంతరు పట్టుకోమని తీసుకెళ్లాడు. రాత్రి చినుకుల్లో గౌతమి గట్టు మీద నడుస్తున్నాం. ఒక పక్క నీళ్లు చెయ్యి చాపితే అందేటట్టున్నాయి. రెండో పక్క చీకట్లో ఊళ్లు ఎక్కడో కింద ఉన్నాయి. జనం గట్టు లోపలి వాలున బుంగల కోసం వెతుకుతున్నారు. ఒకచోట నీరు ఊరుతోంది. నాకు కాళ్లు వణికాయి. నాన్న కిందికి దిగి, ఆ నీళ్లు దోసిట్లో పట్టి, లాంతరు దగ్గరికి తెచ్చి చూశాడు. "తేటగా ఉందిరా. పరవాలేదు, కనిపెట్టి ఉందాం" అన్నాడు. ఇంకాస్త ముందుకెళ్తే ఇంకోచోట ఊరుతున్న నీరు బురదగా ఉంది. నాన్న కేక వేశాడు. పదిమంది పరిగెత్తుకొచ్చి బుంగ చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. తర్వాత కాలేజీలో పుస్తకంలో చదివాను. ఊటనీరు బురదగా ఉందంటే గట్టు లోపలి మట్టిని కోసుకొస్తోందని అర్థం. అది ఆపకపోతే గట్టు కూలుతుంది. తేటగా ఉంటే నీరు ఇంకా మట్టిని కదల్చలేదని. నాన్న చదివింది అయిదో తరగతి.

నీళ్లు తీశాక రేడియోలో వరసగా చెప్పారు. మూడో ప్రమాద హెచ్చరిక ఉపసంహరించారు. తర్వాత రెండోది. తర్వాత మొదటిది. నాన్న లంక చేను చూసి వచ్చాడు. అరటి మొత్తం పోయింది. "అరటి పోయింది గానీ ఒండ్రు బాగా పడిందిరా" అన్నాడు. ఆ సాయంత్రం అరుగు మీద పేకాటకి కూర్చున్నాడు. నేను మాత్రం రేడియో దగ్గరే కూర్చున్నాను, మళ్లీ ఏమైనా చెబుతారేమోనని.

అలా కూర్చున్నవాణ్ని లేవలేదండి. అదీ నా కథ.

నేను నీటి ఇంజనీరింగుకి వెళ్లడానికి ఆ రాత్రే కారణం. ఆ చదువులో మాకు మొదట నేర్పేది డిజైన్ ఫ్లడ్. ఒక కట్టడం కట్టేటప్పుడు మామూలు రోజుల సంగతి కాదు, రాగలిగిన అతి పెద్ద వరద ఎంతో లెక్కేసి దానికి కట్టాలి. పోలవరం స్పిల్‌వే చూడండి. గోదావరికి మనం చూసిన అతి పెద్ద వరద 35 లక్షలైతే, దాన్ని 48 గేట్లతో 50 లక్షల క్యూసెక్కులకి డిజైన్ చేశారు. అలాగే చెయ్యాలి. నేను ఉద్యోగంలో ప్రతి కాగితం మీదా, "ఇది తప్పితే ఏమవుతుంది?" అని అడిగాను. దానివల్ల మంచే జరిగింది. పైవాళ్లు మెచ్చుకున్నారు. ఎవరైనా మెచ్చుకున్న గుణాన్ని మనం ఇంటికి కూడా పట్టుకెళ్తాం కదా. నేనూ పట్టుకెళ్లాను.

పెద్దమ్మాయి సైకిల్ నేర్చుకుంటే ముందు నాకు కనిపించింది లారీ. చిన్నవాడికి ఇంజనీరింగులో సీటొస్తే ముందు నాకు వినిపించింది ర్యాగింగు. మా ఆవిడ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తుంటే నేను గ్యాస్ గొట్టం చూస్తున్నాను. ఇవన్నీ బాధ్యతలనే అనుకున్నాను. ఇల్లంటే ఒక గట్టు, నేను కాపలా ఉన్నాను, మిగతావాళ్లు నిద్రపోతున్నారు. ఆ కాపలాలో కొంచెం గర్వం కూడా ఉందండి, అబద్ధం ఎందుకు.

మూడేళ్ల కింద ఒక సంగతి జరిగింది. మా పెద్దమ్మాయి బెంగళూరులో ఉంటుంది. తను నెల తప్పిందన్న మాట నాకు నాలుగో నెలలో తెలిసింది. మా ఆవిడకి మొదటి వారమే తెలుసు. మా వియ్యపురాలికి తెలుసు. మా ఇంట్లో పనిచేసే ఆవిడకి కూడా తెలుసు. తాత కాబోయేవాడికే తెలియదు. ఎందుకిలా చేశారని మా ఆవిడని అడిగాను. కాస్త తటపటాయించి చెప్పింది. "అదే చెప్పొద్దందండి. నాన్నకి చెబితే ఆయన భయపడతాడు, తర్వాత నన్ను భయపెడతాడు. కొన్నాళ్లు సంతోషంగా ఉండనీ అమ్మా అంది."

ఇందులో కోపగించుకోవడానికి ఏమీ లేదు. నేను లేచి డాబా మీదికి వెళ్లాను. ఎవరి కోసం నలభై ఏళ్లు కాపలా కాశానో వాళ్లు తమ సంతోషాన్ని నా కంటపడకుండా దాచుకుంటున్నారు. మా ఇంట్లో మూడో ప్రమాద హెచ్చరిక ఏదో కాదు, నేనే.

అప్పుడు మాస్టారి ప్రశ్న గుర్తొచ్చింది.

ఇంజనీరుని కదా, కొలవందే నమ్మను. 2010లో హార్వర్డ్‌లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు ఒక పరిశోధన చేశారు. 2,250 మందికి ఫోన్లో రోజులో ఏదో ఒక సమయంలో గంట మోగించి, ఇప్పుడు ఏం చేస్తున్నావు, మనసు చేస్తున్న పని మీద ఉందా, ఎలా ఉన్నావు అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు పని మీద లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. ఏం పని చేస్తున్నారన్న దానికన్నా మనసు ఎక్కడుందన్నదే వాళ్ల సంతోషాన్ని ఎక్కువగా తేల్చింది. నేనూ అదే పద్ధతి పెట్టుకున్నాను. ఫోన్లో రోజుకి అయిదుసార్లు వేళకాని వేళల్లో మోగేటట్టు పెట్టి, మోగగానే జేబులోని చిన్న పుస్తకంలో ఒక మాట రాయాలి. ఆ క్షణంలో నేను ఏ భావంలో ఉన్నాను? నెల రోజులు రాశాను.

నెలాఖరుకి చూస్తే సగానికి పైగా ఒకే మాట ఉంది. "బాధ్యత." నాకు సంతోషమేసింది. మా ఆవిడకి చూపించాను. ఆవిడ పేజీలు తిరగేసి, "ఇందులో సగం సార్లు నేను పక్కనే ఉన్నాను. మీరు బాధ్యత అని రాసినప్పుడు మీ మొహం నేను చూశాను. అది బాధ్యత కాదండి" అంది. అప్పుడు వెతికి చూశాను. భరతుడి ఎనిమిది స్థాయిల్లోనూ, ముప్ఫై మూడు సంచారుల్లోనూ బాధ్యత అనే భావమే లేదు! నేను కొత్తగా సృష్టించాను. దాని అసలు పేర్లు శంక, చింత, ఆవేగం. మూడూ భయం దగ్గరికి వచ్చిపోయే చుట్టాలే.

మాస్టారు చెప్పిన ఇంకో ముక్క అప్పుడు అర్థమైంది. రసం పుట్టేది రంగం మీద పాత్రలో కాదు, ఎదురుగా కూర్చుని చూసేవాడి మనసులో అని మన వాళ్లు వాదించారు. ఆ చూసేవాడికి సహృదయుడని పేరు పెట్టారు. మన స్థాయీభావం కూడా అంతే. మనం దానికి బాధ్యత అనో, క్రమశిక్షణ అనో, పద్ధతి అనో మంచి పేరు పెట్టుకుని ఉంటాం. దాని రుచి తెలిసినవాళ్లు ఎదురుగా కూర్చుని అన్నం తినేవాళ్లు.

ఇక్కడ నా వృత్తి నుంచి ఒక సంగతి చెప్పాలి. నది తన వెడల్పు, లోతు ఎలా తెచ్చుకుంటుంది? ఎక్కువమంది పెద్ద వరదల వల్ల అనుకుంటారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా పరిశోధన కేంద్రంలో పనిచేసిన సర్ క్లాడ్ ఇంగ్లిస్ 1940ల్లో ఒక మాట వాడాడు, డామినెంట్ డిశ్చార్జి అని. నదిని తీర్చిదిద్దే ప్రవాహం అది. 1960లో వుల్మన్, మిల్లర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దానికి లెక్క చూపించారు. ఏ ప్రవాహమైనా చేసే పని, దాని బలాన్ని అది ఎన్నిసార్లు వస్తుందో దాంతో హెచ్చవేస్తే వస్తుంది. మహా వరదకి బలం ఎక్కువ, కానీ అది ఏ యాభై ఏళ్లకో ఒకసారి. వేసవి నీరు రోజూ ఉంటుంది, కానీ దానికి బలం లేదు. మధ్యలో, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి గట్ల అంచుదాకా నిండుగా పారే ప్రవాహం ఉంది చూశారూ, చాలా నదుల్లో లెక్కేస్తే ఎక్కువ మట్టిని మోసేది, ఒడ్లని కోసేది, ఏటి రూపాన్ని నిలబెట్టేది అదే.

1986 లంకల్ని కోసేసింది నిజమే, చేలమీద ఇసుక మేట వేసింది నిజమే. అయినా మనం చూసే గోదావరి ఆ ఒక్క వరద చేసిన గోదావరి కాదు. పేపర్లలో పడని వందల వర్షాకాలాలు చేసినది.

మనిషి కూడా అలాగే అనుకుంటున్నాను. మన జీవితం చెప్పమంటే మనం పెద్ద రోజులు చెబుతాం. పెళ్లి, ఉద్యోగం, చావులు, ప్రమోషన్లు. అవి 35 లక్షల క్యూసెక్కుల రోజులు. మనల్ని మలిచేది వాటికన్నా తక్కువ ఎత్తులో, మాటిమాటికీ వచ్చే భావం. ఫోన్ మోగగానే వచ్చేది. పిల్లలు గుమ్మంలోకి రాగానే మన మొహం మీదికి వచ్చేది. మన పిల్లలకి గుర్తుండిపోయే మనం అదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా బావ ఒకాయన ఇది విని, "మరేటండి, భయం లేకపోతే కోనసీమలో బతగ్గలమా?" అన్నాడు. సబబైన మాటే. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని అరవై రోజులకి పైగా మండింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీదినుంచి వెళ్లింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు నేలమట్టంగా ఉన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు. మన ప్రాంతంలో భయానికి కారణాలు ఉన్నాయి. భయపడటం తప్పని నేను చెప్పడం లేదు. గట్టు మీద నాన్న కూడా భయపడ్డాడు. ఆయన చేతిలో లాంతరు వెలుగు పడ్డప్పుడు చూశాను, నీళ్లు పట్టిన దోసిలి వణికింది.

తేడా ఒక్కటే. ధవళేశ్వరంలో హెచ్చరిక ఇవ్వడానికి ఎంత కచ్చితమైన అంకె ఉందో, దాన్ని తీసెయ్యడానికి కూడా అంతే కచ్చితమైన అంకె ఉంది. నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో హెచ్చరిక. దిగితే ఉపసంహరణ. ఉపసంహరించని హెచ్చరిక వల్ల రెండు నష్టాలు. జనం పొలాలకి వెళ్లలేరు. కొన్నాళ్లకి ఆ హెచ్చరికని ఎవరూ లెక్కచెయ్యరు. మా ఇంట్లో ఈ రెండూ జరిగాయి. నాన్నకి ఆ రాత్రి భయం సంచారి. రేడియో చెప్పగానే తీసేశాడు. నాకు అదే స్థాయి అయి కూర్చుంది. 1986లో ఎగరేసిన హెచ్చరికని నేను ఉపసంహరించలేదు. అదే మాస్టారికి నా జవాబు.

నాన్న స్థాయి ఏమిటని ఆలోచిస్తే, విస్మయం అనిపిస్తుంది. అరటి పోయిన చేలో నిలబడి ఒండ్రు చూసి ఆశ్చర్యపడిన మనిషి ఆయన.

మరి స్థాయి మారుతుందా? మారుతుందనే మన పెద్దలు చెప్పారు. భగవద్గీత పద్నాలుగో అధ్యాయం అంతా మూడు గుణాల గురించే. ఒక్కోసారి సత్వం మిగతా రెంటినీ అణిచి పైకి వస్తుంది, ఒక్కోసారి రజస్సు, ఒక్కోసారి తమస్సు అంటుంది అందులో. అంటే ఏ గుణమూ శాశ్వతంగా పట్టా రాయించుకోలేదు. అయితే "ఇకనుంచి భయపడను" అని తీర్మానం చేస్తే పని జరగదు. నేను చేసి చూశాను, రెండు రోజులు నడిచింది. మాస్టారి పాఠంలోనే దారి ఉంది. స్థాయీభావం దానంతటది నిలబడదు. దాన్ని పుట్టించేవి విభావాలు, బయటికి చూపించేవి అనుభావాలు, పోషించేవి సంచారులు. స్థాయిని సూటిగా పట్టుకోలేం గానీ, విభావాల్ని మార్చుకోవచ్చు, అనుభావాల్ని మార్చుకోవచ్చు. కాలవ దిశ మార్చాలంటే నీళ్లతో దెబ్బలాడం కదా, పైన లాకుల దగ్గర తలుపులు దించుతాం.

నేను చేసినవి మూడు చిన్న పనులు. ఒకటి, రాత్రి పడుకునే ముందు ఫోన్లో వార్తలు, వాతావరణం చూడటం మానేశాను. రెండు, ఎవరు ఏ కబురు చెప్పినా నా నోటి నుంచి వచ్చే మొదటి మాట ప్రశ్న కాకూడదని నియమం పెట్టుకున్నాను. "అలాగా! ఎలా జరిగిందో చెప్పు" అనాలి. జాగ్రత్తలు కావాలంటే మర్నాడు చెప్పుకోవచ్చు. మూడోది నాన్న దగ్గర నేర్చుకున్నది. ఏదైనా భయం ఊరడం మొదలెడితే దోసిట్లో పట్టి చూస్తాను. తేటదా, బురదదా? దానివల్ల ఇవాళ నేను చెయ్యాల్సిన పని ఏదైనా ఉంటే అది బురదనీరు. వెంటనే లేచి బస్తా వెయ్యాలి. డాక్టరుకి ఫోన్ చెయ్యడమో, కాగితం మీద సంతకం మళ్లీ సరిచూడటమో. చెయ్యాల్సింది ఏమీ లేకపోతే తేటనీరు. కనిపెట్టి ఉండటమే. దానికోసం ఊరినంతా నిద్రలేపక్కర్లేదు.

ఫలితం చెప్పమంటారా? పూర్తిగా నెగ్గానని చెప్పను. మొన్న మా మనవరాలు మొదటిసారి మెట్లు ఎక్కుతున్న వీడియో పంపిస్తే, "అలాగా!" అన్నాను, మరుక్షణం "రెయిలింగ్ ఉందా?" అని అడిగేశాను. అవతల మా అమ్మాయి నవ్వింది. మునుపైతే ఫోన్ పెట్టేసేది. ఇంకో సంగతి. రెండు నెలల కింద తను ఉద్యోగం మారదామనుకుంటే మొదట నాకే ఫోన్ చేసింది. మా ఆవిడకి ఆ సంగతి నేను చెప్పాను! ఉద్యోగంలో నాకు వచ్చిన ఏ ఉత్తర్వూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

ఈ సభలో ఉన్నవాళ్లని నేను అడిగేది ఒక్కటే. ఇంటికెళ్లాక మీవాళ్లని అడగండి. మీ ఆవిడని, మీ ఆయన్ని, పిల్లల్ని, బతికుంటే అమ్మానాన్నల్ని. "నేను గుమ్మంలోకి వస్తే మీకు ముందు ఏమనిపిస్తుంది?" అని. వాళ్లు చెప్పింది వినాలి. వాదించకూడదు. మీది భయం కాకపోవచ్చు. కొందరిది క్రోధం ఉంటుంది, దానికి వాళ్లు క్రమశిక్షణ అని పేరు పెట్టుకుని ఉంటారు. కొందరిది శోకం, ఎప్పుడో పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లని చూడకుండా కూర్చున్నవాళ్లు. కొందరిది జుగుప్స, ఊళ్లో ఏదీ బాగోదు, ఎవరూ నచ్చరు. మరి కొందరిది ఉత్సాహం ఉంటుంది, వాళ్ల ఇంటివాళ్లు అదృష్టవంతులు. ఏదైనా సరే, దాని అసలు పేరుతో ఒక్కసారి పిలిచి చూడండి. మారాలో వద్దో తర్వాత చూసుకోవచ్చు.

ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాయబోయే పిల్లలు ముందు వరసలో ఉన్నారు. మీకు ఒక మాట. పరీక్ష అంటే కొంచెం భయం ఉండాలి, అది మిమ్మల్ని చదివిస్తుంది. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రానికి ఆ హెచ్చరిక తీసేయండి. మార్కులు ఎన్నొచ్చినా సరే తీసేయండి. మీ అమ్మానాన్నలు తీసెయ్యకపోతే ఈ ప్రసంగం వాళ్లకి చదివి వినిపించండి.

మాస్టారి రెండో ప్రశ్న మిగిలింది. ఆ రాత్రి పూజారి స్థాయీభావం ఏమిటి? చాలాకాలం భయమే అనుకున్నాను. రాజు రేపొస్తాడు, తల పోతుంది, ఇంకేముంటుంది? ఈ మధ్య మన గుడికి వెళ్లి ఆ కొప్పు చూస్తూ నిలబడితే ఇంకోలా అనిపించింది. భయమే స్థాయి అయితే ఆ మనిషి రాత్రికి రాత్రి గోదావరి దాటి పారిపోయేవాడు. భయం అతన్ని గర్భగుడి దాకా తీసుకొచ్చింది, అంతే. అక్కడినుంచి తెల్లారేదాకా లింగాన్ని పట్టుకుని కూర్చోబెట్టింది వేరే భావం. పూలదండలు మార్చిన చేతులకి కూడా ఆ స్వామి అంటే ప్రేమ ఉండే ఉంటుంది. ఏ భావంలో ఎక్కువసేపు ఉన్నాడో, పొద్దున తలుపు తీసేసరికి దానికే రూపం వచ్చింది.

మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఉంటే, "గంట కొట్టి నలభై ఏళ్లయిందిరా, కూర్చో" అనేవారు.

కూర్చుంటానండి. సెలవు.